గురువు ఫీజు అని రాసి ఉన్న గడి

“ఫీజా? నేనెవల్ని ఫీజు అడగలే సార్. గది ఎవలు రాసిన్రు?”

బల్ల మీద పెట్టిన ఫోను స్పీకర్‌లోంచి, వీణలు బాగుచేసే ఉస్తాద్ గొంతు గదంతా వినపడింది. అది చిక్కడపల్లిలో ఒక మిఠాయి దుకాణం పైన, రెండో అంతస్తులో ఉన్న ట్రస్టు గది. డిగ్రీలో సంగీతం చదివే పిల్లల ప్రాజెక్టులకు ఆర్థిక సహాయం చేసే చిన్న ట్రస్టు అది. ఆ రోజు ఇంటర్వ్యూలు. బల్లకు అటువైపు ఇద్దరున్నారు. ఒకరు కమిటీ అధ్యక్షురాలు, వీణ లెక్చరర్‌గా పనిచేసి రిటైరైన పెద్దావిడ. రెండో ఆయన బ్యాంకులో మేనేజరుగా చేసి దిగినవాడు, నిబంధనల పుస్తకం ఆయన ముందే ఉంది. ఇటువైపు కుర్చీలో డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్న వీణ విద్యార్థిని. ఆమె వెనక, తలుపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో ఆమె వీణ పట్టుకుని నేను. ఆటోలోంచి ఆ వీణ దింపి మెట్లెక్కించడానికి ఒక మనిషి తోడు కావాలంటే వచ్చాను.

బ్యాంకాయన దరఖాస్తు పైకెత్తి చూపించాడు. “ఇక్కడ అంకె ఉందమ్మా. గురువు ఫీజు నెలకింత అని. ఆయనేమో అడగలే అంటున్నడు. మరి మేమేం అనుకోవాలె?”

“ఆ గడి నేను ఖాళీగ పెట్టిన సార్,” అంది ఆ అమ్మాయి. వెనక్కి తిరిగి నన్ను చూడలేదు. చూసి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

వీణ ఒళ్లో ఉండటంతో సరిగ్గా లేచి నిలబడలేక, సగం లేచి చెప్పాను. “ఆ అంకె వేసింది నేను.”

*

నేను ముప్పై ఏళ్లకు పైగా ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పనిచేశాను. డెస్కు మనిషికి రెండు అలవాట్లు వదలవు. పేజీలో రెండంగుళాల ఖాళీ కనబడితే ఏదో ఒకటి తెచ్చి పూడ్చడం మొదటిది. ఎవరి రాతనైనా వాళ్లకు చెప్పకుండా దిద్దడం రెండోది. విలేఖరి పొద్దున పేపరు చూసుకునే దాకా తన వార్త ఎంత మిగిలిందో అతనికి తెలియదు. మేం తెలియనిచ్చేవాళ్లం కాదు.

ఆ ఖాళీలు పూడ్చడానికి పెట్టుకున్న డబ్బాలో రకరకాల చిన్న ప్రకటనలు ఉండేవి. యువ కళాకారులకు స్కాలర్‌షిప్పులు, సంగీత విద్యార్థులకు సహాయం, దరఖాస్తులకు గడువు ఫలానా తేదీ. నాలుగు వాక్యాలు. చివరి నిమిషంలో వ్యాపార ప్రకటన వస్తే ముందుగా పేజీలోంచి లేచిపోయేవి అవే. నా చేత్తో నేనే చాలా లేపాను. ఎవరూ ఫోను చేసి అడగలేదు. అడగాల్సిన పిల్లలకు అలాంటిదొకటి ఉందన్న సంగతే తెలియలేదు కదా.

రిటైరయ్యాక రోజూ పొద్దున లైబ్రరీకి వెళ్లడం అలవాటైంది. అక్కడి బోర్డు మీద ఉద్యోగ నోటిఫికేషన్లు అతికిస్తుంటారు. అశోక్ నగర్ హాస్టళ్లలో ఉండి గ్రూప్స్‌కి చదివే పిల్లలు వాటిని నిలబడి, వేలు పెట్టి, పంక్తి పంక్తి చదువుతారు. నేను ఆ బోర్డు కింది మూల ఒక జానెడు చోటు అడిగి తీసుకుని, సంగీతం చదివేవాళ్లకు వచ్చే సహాయాల వివరాలు కాగితం మీద పెద్దక్షరాలతో రాసి అతికించడం మొదలుపెట్టాను.

అతికించగా అతికించగా నాకూ కొంత తెలిసింది. ఈ సహాయాలు ముఖ్యంగా మూడు తీరులు. గురువు దగ్గర ఒకటి రెండేళ్లు నేర్చుకోవడానికి ఇచ్చేవి ఒకటి. కచేరీలకూ ప్రయాణాలకూ ఇచ్చేవి రెండోది. విద్యార్థి తానేం చేయదలచుకున్నాడో చెబితే, నచ్చితే దానికి ఇచ్చేవి మూడోది. దీన్నే ప్రాజెక్టు అంటారు. మొదటిదానికి వయసు అడ్డం వస్తుంది. రెండోదానికి ఇంతకుముందే కచేరీలు చేసి ఉండాలి. మూడోదానికి పిల్లలు భయపడతారు. ప్రాజెక్టు అంటే ఏం రాయాలో తెలియక, సంగీతాభివృద్ధికి కృషి చేస్తాను అని రాసి సంతకం పెడతారు. నా దగ్గరికి వచ్చినవాళ్లకు నేను చెప్పేది మేం కొత్త విలేఖర్లకు చెప్పిందే. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు. మొదటి నాలుగు వాక్యాల్లో ఈ అయిదూ ఉంటే చదివేవాడు అయిదో వాక్యానికి వస్తాడు.

ఈ అమ్మాయిని నా దగ్గరికి లాక్కొచ్చింది ఆమె హాస్టల్ రూమ్మేట్. ఆ పిల్ల గ్రూప్-టూకి చదువుతోంది. నోటిఫికేషన్ ఏదైనా సరే, అది తనకు పనికొచ్చినా రాకపోయినా, అర్హతలు బట్టీ కొట్టే రకం.

“సార్, ఇది మా రూమ్మేటు. వీణ వాయిస్తది. ఎలిజిబులే, నేను చూసిన. ఫైనలియర్ చదువుతుండాలె, ఇరవై మూడేండ్ల లోపుండాలె, ఇంతకుముందు తీస్కోని ఉండొద్దు. మూడూ సరిపోతున్నయ్.”

“మరి ఈ అమ్మాయి ఏం మాట్లాడదా?”

“వీణ చేతుల లేకుంటె మాట్లాడది సార్. చేతుల ఉంటె అస్సలే మాట్లాడది.”

“నువ్ జర ఆగవే,” అని ఆ అమ్మాయి మొదటిసారి నోరు విప్పింది.

సంగతేమిటంటే, ఆమె దగ్గరున్నది కాలేజీ వీణ. హాస్టల్లో వాయించడానికి లేదు. చదువుకునేవాళ్లు పరేషాన్ అవుతారని ఓనరమ్మ మొదటి రోజే చెప్పేసింది. కాలేజీ గది నాలుగింటికి తాళం పడుతుంది. కిందటి ఎండాకాలంలో ఆ వీణ మేళం పోయింది. వీణ మీద ఇరవై నాలుగు ఇత్తడి మెట్లు ఉంటాయి. వాటిని నల్లటి మైనంలో నిలబెడతారు. ఒక్కో మెట్టూ సరైన స్వరం పలికే చోట, చెవితో విని, వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి కూర్చోబెట్టడాన్నే మేళం కట్టడం అంటారు. హైదరాబాద్ ఎండకు మైనం మెత్తబడి మెట్లు కదిలిపోతాయి. అప్పుడు ఎంత బాగా వాయించినా అపస్వరమే. మేళం కట్టేవాళ్లు ఊళ్లో ఎక్కువమంది లేరు. చాలామంది వీణను వేరే ఊరికి పంపి నెలల తరబడి ఎదురుచూస్తారు.

కాలేజీవాళ్లు ఆమె చేతికే వీణ ఇచ్చి నారాయణగూడకు పంపారు. అక్కడ ఒక సందులో, పిండి గిర్ని పక్కన, ఒంటిగది దుకాణం ఉంది. డెబ్బై దాటిన పెద్దమనిషి ఒకాయన అందులో హార్మోనియాలు, వయొలిన్లు, వీణలు బాగుచేస్తాడు. సందంతా ఆయన్ని ఉస్తాద్ అంటుంది. దుకాణంలో అన్నిటి మీదా సన్నగా గోధుమపిండి పేరుకుని ఉంటుంది. గిర్ని నడుస్తుంటే స్వరం వినపడదు. అందుకని ఆయన మేళం పని పొద్దున పదింటికి గిర్ని మొదలయ్యేలోపే చేస్తాడు. కరెంటు పోతే సందులో అందరూ విసుక్కుంటారు, ఉస్తాద్ ఒక్కడు వీణ ముందేసుకుంటాడు.

వీణ తీసుకోవడానికి వెళ్లిన అమ్మాయి అక్కడే కూర్చుండిపోయింది. మర్నాడూ వెళ్లింది. కొన్నాళ్లకు మైనం కరిగించడం, మెట్లు రుద్దడం ఆమె పనులైపోయాయి.

“కచేరీలు చేసేటోళ్లు మస్తుగున్నరు సార్,” అంది నాతో. “వీణ బాగుచేసేటోళ్లే లేరు. నేను రెండూ చేస్త. కాని టైం లేదు.”

టైం నిజంగానే లేదు. ఆ బిల్డింగు ఓనరు దాన్ని బిల్డరుకు ఇచ్చేశాడు, వానలు తగ్గాక దుకాణం ఖాళీ చేయమన్నాడు. పరీక్షలు అయిపోగానే ఇంటికొచ్చి బీఎడ్‌లో చేరమని నాన్న అన్నాడు. ఊళ్లో ఉండాలంటే హాస్టల్ కిరాయి కావాలి, చెయ్యి తిరగడానికి ఒక పాత వీణ కావాలి, పనిముట్లు కావాలి. ట్రస్టు సహాయమేమో చివరి సంవత్సరం విద్యార్థులకే, జీవితంలో ఒక్కసారే. అది వస్తే ఆమె ఉస్తాద్ దగ్గర మేళం నేర్చుకుంటుంది. రాకపోతే ఆ దుకాణం వెళ్లిపోయాక నేర్పేవాడు ఎక్కడ దొరుకుతాడో తెలియదు. విషయం అంతే.

అశోక్ నగర్‌లో ఒక చాయ్ బండి పక్కన బెంచీ మీద కూర్చుని నాలుగు సాయంత్రాలు దరఖాస్తు రాశాం. ఆమె బాగా రాసింది. నేను దిద్దడానికి పెద్దగా ఏమీ మిగల్చలేదు. మైనం, ఇత్తడి మెట్లు, పాత వీణ, ఎనిమిది నెలల కిరాయి, అన్నీ వివరంగా వేసింది. గురువు ఫీజు అన్న గడి దగ్గర మాత్రం కలం ఆగింది.

“ఉస్తాద్‌ని అడిగిన సార్. గవన్ని నాకు చెప్పకు అన్నడు.”

“మళ్లీ అడుగు.”

“ఇంకోసారి అడిగితె దుకాణంల కాలు పెట్టనియ్యడు.”

గడి ఖాళీగానే ఉండిపోయింది. గడువు చివరి రోజున ఆమెకు ప్రాక్టికల్స్ ఉన్నాయని దరఖాస్తు ఇచ్చిరావడానికి నేనే బయల్దేరాను. ట్రస్టు మెట్ల దగ్గర ఆగి ఒకసారి తిరగేశాను. అన్ని గడులూ విధిగా నింపవలెను అని అడుగున అచ్చు వేసి ఉంది. నిండుగా ఉన్న కాగితంలో ఆ ఒక్క గడి తెల్లగా కనబడుతోంది. అసంపూర్ణం అని పక్కన పడేస్తారేమోనన్న భయం ఒకటి, చేతి దురద ఒకటి. చిక్కడపల్లిలో సంగీతం ట్యూషన్లకు ఎంత తీసుకుంటారో నాకు ఉజ్జాయింపుగా తెలుసు. ఆ అంకె వేసేశాను. అదే నీలం సిరా. ఆమెకు చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు.

*

నా మాట విని బ్యాంకాయన కళ్లజోడు తీశాడు. “మీరు పేపర్ల పనిచేసిన్రు కదా సార్?”

“అవును.”

“అందుకే. జాగ కనబడితే చెయ్యి ఆగది మీకు.”

అధ్యక్షురాలు ఆయన్ని చేత్తోనే ఆపి, ఫోను దగ్గరికి వంగింది. “అయ్యా, మరి మీరు ఎంత తీసుకుంటారు? అది చెప్పండి, రాసుకుంటాం.”

“ఏం తీస్కోనమ్మా. మా ఉస్తాద్ నాకు గట్లనే నేర్పిండు. పైసలు తీస్కుంటె, పైసలు ఒడిసిన దినం పని గూడ ఒడిసినట్టే. పని ఒడుస్తదా?”

“అసలేమీ తీసుకోరా?”

“బిడ్డ ఒక మేళం కట్టాలె. ఆ వీణ మీద ఇంకొకళ్లు నిండు కచేరి చెయ్యాలె, ఒక్క మెట్టు కదిలియ్యకుండ. గప్పుడు ఆమె ఏమిస్తె గది. గప్పటిదాంక నేర్చుకునుడే.” కొంచెం ఆగి, “ఆ రాసిన సారు ఆడనే ఉన్నడా?” అన్నాడు.

“ఉన్నారు.”

“నాకెంత రేటు కట్టిండో జర చదువుర్రి.”

బ్యాంకాయన చదివాడు.

“గింతేనా?” అన్నాడు ఉస్తాద్.

అధ్యక్షురాలు పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. బ్యాంకాయన బాహాటంగానే నవ్వాడు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆమె చూపు బల్ల మీది దరఖాస్తు మీదే ఉంది.

నవ్వు అయ్యాక నిబంధన బయటికొచ్చింది. తప్పు వివరం ఉన్న దరఖాస్తును తోసిపుచ్చాలి. అయితే తుది నిర్ణయానికి ముందు కమిటీ స్వయంగా విచారించి సరిచేయవచ్చు. తుది నిర్ణయం మర్నాడు సాయంత్రం.

“అయితే రేపు పొద్దున దుకాణానికి వస్తాం,” అంది అధ్యక్షురాలు.

“పదింటి లోపల రావాలె,” అంది ఫోను. “తర్వాత గిర్ని షురూ అయితది.”

మెట్లు దిగుతుంటే ఆ అమ్మాయి వీణను నా చేతుల్లోంచి తీసుకుంది. “చెప్పాల్సుండె సార్,” అంది. అంతే. డెస్కులో ఉన్నన్నాళ్లూ ఏ విలేఖరీ నన్ను అంత మెల్లగా తిట్టలేదు.

మర్నాడు చిక్కడపల్లి నుంచి నారాయణగూడకు నడిచే వెళ్లాను. నాకంటే ముందే అధ్యక్షురాలు హైదర్‌గూడ నుంచి ఆటోలో వచ్చేసింది. పక్కన పాత దుప్పటిలో చుట్టిన పెద్ద మూట. అది ఆవిడ సొంత వీణ. మేళం పోయి కొన్నేళ్లుగా గోడకు ఆనించి ఉందట. కట్టించడానికి వేరే ఊరు పంపాలంటే దారిలో వీణ కుండ పగులుతుందని భయపడి ఊరుకుందట. బ్యాంకాయన ఫైలు చంకలో పెట్టుకుని వచ్చాడు.

ఉస్తాద్ నన్ను ఎగాదిగా చూశాడు. “కూసోండ్రి సారు. ఆ స్టూలు ఖాళీగనే ఉన్నది. నింపుర్రి.”

నింపాను.

ఆయన దుప్పటి విప్పి, వీణ మీద ఒకసారి వేళ్లు పరిచి చూసి, పంచమం పలకాల్సిన మెట్టును ఊడదీసి అమ్మాయి చేతిలో పెట్టాడు. “పెట్టు బిడ్డా.” తాను అటు తిరిగి గోడవైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. చూస్తే చెవి సరిగా వినదని ఆయన నమ్మకం.

ఆమె వేడి కడ్డీతో మైనాన్ని మెత్తబరిచింది. మెట్టు నిలబెట్టి తీగ మీటింది. జరిపింది. మళ్లీ మీటింది. నాలుగైదు సార్లు నాకు ఒకేలా వినపడింది. ఆరోసారి అధ్యక్షురాలి తల కొద్దిగా పైకి లేచింది.

“అయింది,” అంది అమ్మాయి.

“కాలే,” అన్నాడు ఉస్తాద్, గోడవైపు నుంచే.

ఆమె మళ్లీ మీటి విన్నది. కింది తీగతో కలిపి విన్నది. మెట్టు ముట్టుకోలేదు. “అయింది ఉస్తాద్.”

ఆయన ఇటు తిరిగి తానే ఒకసారి మీటాడు. పక్క మెట్టు ఊడదీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని కూడా కూర్చోబెట్టింది. మూడోది సగంలో ఉండగా గిర్ని మొదలైంది. దుకాణం అదిరిపోయింది. అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

“గిట్లుంటది మా ఆఫీసు,” అని అరిచాడు ఉస్తాద్.

బ్యాంకాయన మోకాలి మీద ఫైలు పెట్టుకుని నా అంకెను కొట్టేశాడు. గడిలో ఈ మూల నుంచి ఆ మూలకు ఒక అడ్డగీత గీసి, పక్కన పొట్టి సంతకం చేశాడు. గిర్ని హోరులో నా చెవి దగ్గరికి వంగి చెప్పాడు. “ఏం రాసేది లేకుంటె గీత కొట్టాలె సార్. గీత కొడితె నిండినట్టే. బ్యాంకుల మొదటి దినమే నేర్పిస్తరు.”

ఒక్క గీత. నాకు తట్టలేదు.

ఆ సాయంత్రం సహాయం మంజూరైంది. మైనం, మెట్లు, పాత వీణ, పనిముట్లు, కిరాయి, అడిగినవన్నీ ఇచ్చారు. కబురు తెలియగానే అమ్మాయి వాళ్ల నాన్నకు ఫోను చేసింది. “వీణ బాగుచేసుడు నేర్చుకుంటందుకు పైసలిస్తున్నరా?” అని ఆయన రెండుసార్లు అడిగి, మూడోసారి అదే మాట ఇంట్లోవాళ్లకు వినపడేలా గట్టిగా చెప్పాడని నవ్వుతూ చెప్పింది. బీఎడ్ మాట వచ్చే ఏటికి వాయిదా పడింది.

ఆ తర్వాత నా జానెడు చోటు మూరెడైంది. రూమ్మేట్ పిల్ల గ్రూప్-టూ చదువు మధ్యలో కూడా పక్క హాస్టళ్లలో సంగీతం చదివేవాళ్లను వెతికి, అర్హతలు తనే సరిచూసి మరీ పంపిస్తోంది. మృదంగం నేర్చుకునే ఒక అమ్మాయి మృదంగానికి తోలు మూతలు బిగించే పని నేర్చుకోవడానికి రాసింది, సహాయం వచ్చింది. గాత్రం చదివే ఇంకొకరు అమ్మమ్మ తరం పెళ్లిపాటలకు స్వరాలు రాస్తానంటే మొదటిసారి కాదన్నారు, రెండోసారి ఇచ్చారు. నేను ఇప్పుడు ధైర్యంగానే చెబుతున్నాను. డబ్బు ఉంది. ఇచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్లకు కావలసింది పిల్ల రేపు పొద్దున ఏం చేస్తుందో కళ్లకు కట్టే నాలుగు వాక్యాలు. నేను దరఖాస్తు చదువుతాను, వేలు పెట్టి చూపిస్తాను. కలం మాత్రం పిల్లల చేతిలోనే ఉంటుంది. ఖాళీ గడి కనబడితే గీత కొట్టమంటాను.

అధ్యక్షురాలి వీణకు ఇరవై నాలుగు మెట్లూ ఆ అమ్మాయే కట్టింది. పద్దెనిమిది రోజులు పట్టింది, అన్నీ గిర్నికి ముందు గంటలే. ఉస్తాద్ ఒక్క మెట్టు కూడా మళ్లీ ఊడదీయలేదు. అలాగని బాగుందనీ అనలేదు. ఆయన లెక్కలో ఆ మాట ఆయన అనాల్సింది కాదు. నిండు కచేరీ చెప్పాలి.

వీణ హైదర్‌గూడ చేరింది. పెద్దావిడ రోజూ పొద్దున గంటసేపు వాయిస్తోంది. ఇన్నేళ్లు ఆగిన వేళ్లు, కచేరీకి ఇంకా టైం పడుతుందంటోంది. బిల్డరు ఒక నెల ఆగుతానన్నాడు, తర్వాత ఇంకో నెల అన్నాడు. ఈ మాటలు రాస్తున్న రోజుకు దుకాణం సందులోనే ఉంది. ఆ వీణ మీద కచేరీ ఇంకా జరగలేదు.